ప్రాచీన ఈజిప్టు మహా నిర్మాణాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పిరమిడ్ల గురించి మాట రాగానే అందరూ ముందు అడిగేది "ఎవరు కట్టించారు?" అని. కైరో పక్కన గిజాలో ఉన్న మూడు పెద్ద పిరమిడ్లకు ఖుఫు, ఖఫ్రే, మెంకౌరే అని ముగ్గురు రాజుల పేర్లు చెబితే ఆ ప్రశ్న తీరిపోతుంది. నా మనసు మాత్రం ఎప్పుడూ రెండో ప్రశ్న మీదే ఉంటుంది: కట్టింది ఎవరు? కట్టించినవాడి పేరు రాతి మీద చెక్కి ఉంటుంది. కట్టినవాడి ఆనవాలు రాయి వెనుక వైపున, చెత్తకుప్పలో, సగంలో వదిలేసిన పనిలో వెతుక్కోవాలి. గత నలభై ఏళ్ళలో ఆ ఆనవాళ్ళు చాలా బయటపడ్డాయి. ఇక్కడి జవాబులు ఎక్కువగా వాటి గురించే.

ఈజిప్టు అంటే పిరమిడ్లేనా? ఇంకా ఏం కట్టారు?

పిరమిడ్లు ఆ కథలో మొదటి భాగం మాత్రమే. వాటికి ముందు మస్తబాలు ఉన్నాయి. మస్తబా అంటే అరబ్బీలో అరుగు. ఇంటి ముందు అరుగులా పొడవుగా, బల్లపరుపుగా ఉండే సమాధి అది. పిరమిడ్ల తరువాత కొండను తొలిచిన సమాధులు, పెద్ద పెద్ద ఆలయాలు, ఏకశిలా స్తంభాలైన ఒబెలిస్కులు, రాజుల భారీ విగ్రహాలు వచ్చాయి. పనిలో పనిగా కోటలు, ఓడరేవులు కూడా కట్టారు.

ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మనుషులు బతికిన ఇళ్ళు, చివరికి రాజు నివసించిన భవనం కూడా, పచ్చి ఇటుకతో కట్టినవే. నైలు ఒండ్రుమట్టిలో గడ్డి కలిపి, అచ్చుల్లో పోసి, ఎండలో ఆరబెట్టిన ఇటుకలు. రాయి దేవుడికి, చనిపోయినవారికి. అంటే ఎప్పటికీ ఉండాల్సినవాటికి. అందుకే సమాధులు మిగిలి ఊళ్ళు కరిగిపోయాయి. ఈజిప్టువాళ్ళు ఎప్పుడూ చావు గురించే ఆలోచించేవాళ్ళని మనకు అనిపించడానికి సగం కారణం ఇదే. ఆ ఇటుకను వాళ్ళు పిలిచిన పేరు కోప్టిక్ మీదుగా అరబ్బీలోకి, అక్కడి నుంచి స్పానిష్‌లోకి వెళ్ళి "అడోబ్" అయింది. మెక్సికోలో ఈనాటికీ మట్టి ఇల్లు కట్టుకునేవాడు నైలు ఒడ్డు మాటనే పలుకుతున్నాడు.

మొట్టమొదటి పిరమిడ్ ఏది?

సక్కారాలోని జోసెర్ రాజు మెట్ల పిరమిడ్. కాలం సుమారు క్రీ.పూ. 2650. దాన్ని రూపొందించినవాడిగా పేరు పొందినది ఇంహోతెప్. రాజు విగ్రహ పీఠం మీదే ఆయన పేరు చెక్కారంటే ఎంత గౌరవమో ఊహించవచ్చు. మొదట అది మామూలు మస్తబానే. దాన్ని పెంచారు, మళ్ళీ పెంచారు, చివరికి ఆరు మెట్లతో 60 మీటర్లు దాటిన కట్టడమైంది. ముందే గీసిన నమూనా ప్రకారం లేచింది కాదు. కడుతూ కడుతూ ఆలోచన మారుతూ వచ్చింది.

నాకు ఆ పిరమిడ్ కంటే దాని ప్రాకారం లోపలికి వెళ్ళే దారి అంటే ఎక్కువ ఇష్టం. తల పైకెత్తి చూస్తే కప్పు మీద వరసగా పరిచిన తాటి దుంగల్లాంటివి కనిపిస్తాయి. అవి దుంగలు కావు, దుంగల్లా గుండ్రంగా చెక్కిన సున్నపురాయి. పక్కనే స్తంభాలు. రెల్లు కట్టలు కట్టి నిలబెట్టినట్టు వాటి మీద నిలువు గాడులు ఉంటాయి. ఏ స్తంభమూ ఒంటరిగా నిలబడదు, ప్రతిదాన్నీ ఒక అడ్డగోడ వెనుక నుంచి పట్టుకుని ఉంటుంది. అప్పటిదాకా వాళ్ళ చేతులకు తెలిసింది కర్ర, రెల్లు, మట్టి. రాయి కొత్త. అది ఎంత బరువు మోస్తుందో ఇంకా నమ్మకం కుదరలేదు. ఆ బెరుకు 4,600 ఏళ్ళ తరువాత కూడా అక్కడ కళ్ళారా కనిపిస్తుంది. ప్రాకారం చుట్టూ చెక్కిన తలుపుల్లో 14 ఉత్తుత్తివే, నిజమైన వాకిలి ఒక్కటే. పద్నాలుగేళ్ళ మరమ్మతుల తరువాత 2020లో ఈ పిరమిడ్‌ను మళ్ళీ సందర్శకులకు తెరిచారు.

మెట్లు పోయి నునుపైన ముఖాలు ఎప్పుడు వచ్చాయి?

ఖుఫు తండ్రి స్నెఫెరు కాలంలో. తండ్రి చేసిన తప్పులే కొడుక్కి పాఠాలయ్యాయంటే అతిశయోక్తి కాదు. మైదూమ్‌లో మెట్ల పిరమిడ్‌ను నునుపు చేయబోయారు. ఇప్పుడు అక్కడ పై పొరలు జారిపోయి, రాళ్ళగుట్ట మధ్య గోపురంలాంటి శేషం నిలబడి ఉంది. తరువాత దహ్షూర్‌లో కొత్తది మొదలుపెట్టి 54 డిగ్రీల వాలుతో పైకి లేపారు. నేల దిగబడి లోపల గదులకు బీటలు రావడంతో సగం ఎత్తులో వాలును 43 డిగ్రీలకు తగ్గించారు. అదే వంపు పిరమిడ్. దాని లోపలి గదిలో ఆసరాకు పెట్టిన దేవదారు దూలాలు ఇప్పటికీ ఉన్నాయి. మూడో ప్రయత్నంలో ముందే జాగ్రత్తపడి మొదటి నుంచీ 43 డిగ్రీల వాలుతోనే కట్టారు. ఎర్ర పిరమిడ్ అని పిలిచే అది సుమారు 105 మీటర్ల ఎత్తుతో చెక్కుచెదరకుండా నిలిచింది.

ఒకే రాజు, ఒకే తరం పనివాళ్ళు, మూడు పిరమిడ్లు. గిజా గురించి మాట్లాడేవాళ్ళు దహ్షూర్‌ను వదిలేస్తే కథలో గుండెకాయ వదిలేసినట్టే.

పిరమిడ్లను గ్రహాంతరవాసులు కట్టారని కొందరంటారు. నిజమేనా?

కాదు. పై జవాబు చదివాక ఆ మాట నిలబడదు. నక్షత్రాల మధ్య ప్రయాణించగలిగినవాళ్ళకు దహ్షూర్‌లో నేల దిగబడుతుందని ముందే తెలియదా? వంపు పిరమిడ్ మనుషుల చేతి సంతకం. ఈ ప్రశ్న నాకు కోపం కంటే బాధ ఎక్కువ కలిగిస్తుంది. ఆఫ్రికాలో రైతుబిడ్డలు తరతరాలుగా నేర్చుకున్న పనితనాన్ని వాళ్ళ నుంచి లాక్కుని ఇంకెవరికో అప్పగించినట్టు అవుతుంది.

ఖుఫు పిరమిడ్ కొలతలు అంత కచ్చితంగా ఎలా వచ్చాయి?

కట్టినప్పుడు ఎత్తు 146.6 మీటర్లు. శిఖరం పోగా ఇప్పుడు 138 మీటర్ల పైచిలుకు. ఒక్కో భుజం సుమారు 230 మీటర్లు. పునాది మట్టంలో ఒక మూలకూ ఇంకో మూలకూ తేడా రెండు సెంటీమీటర్ల దరిదాపుల్లోనే. భుజాలు ఉత్తర దక్షిణాలకు ఎంత సరిగ్గా ఉన్నాయంటే తప్పు ఒక డిగ్రీలో పదిహేనో వంతు మించదు. రాళ్ళ సంఖ్య సుమారు 23 లక్షలని అంచనా.

మీటర్లలో చూస్తే ఈ అంకెలు చిల్లరగా కనిపిస్తాయి. వాళ్ళ కొలతలో చూడండి. వాళ్ళదీ మూరే. మోచేతి నుంచి నడివేలి కొసదాకా, మన బజారులో పూలమ్మే ఆమె దండ కొలిచే మూర. మామూలు మూరకు ఆరు బెత్తెలు. రాజుగారి పనికి వాడే మూరకు ఏడు బెత్తెలు, అంటే 28 వేళ్ళ వెడల్పు, సుమారు 52.4 సెంటీమీటర్లు. ఆ మూరతో కొలిస్తే పిరమిడ్ భుజం 440 మూరలు, ఎత్తు 280 మూరలు. ఎక్కడా పొల్లు లేదు.

వాలును కూడా వాళ్ళు డిగ్రీల్లో చెప్పలేదు. ఒక మూర పైకి వెళితే ఎన్ని బెత్తెలు లోపలికి జరగాలి అన్నదే లెక్క. ఖుఫు పిరమిడ్‌కు అది ఐదున్నర బెత్తెలు. ఈ ఒక్క మాట, మోకాలి దాకా దుమ్ములో నిలబడి పనిచేసే ప్రతి మేస్త్రీకీ అర్థమవుతుంది. ప్రతి వరసలో కొలిచి చూసుకోవచ్చు. కచ్చితత్వం వెనుక ఉన్నది ఇలాంటి సులువైన సూత్రం, దాన్ని ఇరవై ఏళ్ళకు పైగా తప్పకుండా పాటించిన ఓపిక.

ఆలయాలకైతే కొలతలు వేయడమే ఒక పండుగ. మనం పునాదికి ముగ్గు పోసినట్టు, అక్కడ రాజు స్వయంగా కొయ్యలు పాతి తాడు లాగేవాడు. రాతకూ లెక్కకూ అధిదేవత అయిన సెషత్ ఆయనకు ఎదురుగా నిలబడి తాడు రెండో కొస పట్టుకున్నట్టు గోడల మీద బొమ్మలు ఉన్నాయి.

బానిసల చేత కొరడా దెబ్బలతో కట్టించారంటారు కదా?

లక్షమంది ఇరవై ఏళ్ళు పనిచేశారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ఆయన ఈజిప్టు వెళ్ళేసరికే పిరమిడ్‌కు రెండు వేల ఏళ్ళు దాటాయి. తవ్వకాల్లో బయటపడింది వేరే కథ.

1990లో గిజా దగ్గర ఒక గుర్రం కాలు పాత గోడకు తట్టుకుంది. అక్కడ తవ్వితే పనివాళ్ళ సమాధులు బయటపడ్డాయి. రాజు పిరమిడ్ కనిపించేంత దగ్గర్లో, రొట్టెలూ బీరూ కుండల్లో పెట్టి గౌరవంగా పాతిపెట్టారు. బానిసలకు అలాంటి చోటు దక్కదు. ఎముకలు చూస్తే నడుములు అరిగిపోయి ఉన్నాయి, బరువులు మోసిన గుర్తు. విరిగిన చేతులు సరిగ్గా అతుక్కుని ఉన్నాయి, అంటే ఎవరో కట్టు కట్టారు, మానేదాకా తిండి పెట్టారు. అక్కడికి దగ్గర్లోనే పురావస్తు శాస్త్రవేత్త మార్క్ లెహ్నర్ బృందం పనివాళ్ళ పట్టణాన్ని తవ్వి తీసింది. పడకలకు పొడవాటి వసారాలు, రొట్టెలు కాల్చే బట్టీలు, లెక్కలేనన్ని పశువుల, గొర్రెల, మేకల ఎముకలు దొరికాయి.

వాళ్ళు ముఠాలుగా పనిచేశారు. ప్రతి ముఠాకూ ఒక పేరు. ఖుఫు శవపేటిక గదికి పైన, మూసేశాక ఎవరూ చూడలేని చోట, "ఖుఫు మిత్రులు" అని ఎర్ర రంగుతో రాసుకున్నారు. మెంకౌరే దగ్గర పనిచేసిన ఒక ముఠా పేరు "మెంకౌరే తాగుబోతులు". పక్క ముఠా కంటే ముందు మా రాయి చేరాలన్న పోటీ, సాయంత్రం కలిసి తాగిన సందడి ఆ పేర్లలో వినిపిస్తాయి.

అలాగని అంతా ఇష్టపడి వచ్చినవాళ్ళే అనుకోకూడదు. రాజ్యానికి పన్నుగా శ్రమ చెల్లించాల్సిన కాలం అది. ఊళ్ళ నుంచి వంతులవారీగా మనుషులను పిలిపించేవారు, కాదనే వీలు ఉండేది కాదు. మన దగ్గర వెట్టి అన్న మాట బరువు తెలిసినవాళ్ళకు ఈ తేడా విడమరచి చెప్పనక్కరలేదు. సంతలో కొన్న బానిసలు కారు, స్వేచ్ఛగా కూలి కుదుర్చుకున్నవాళ్ళూ కారు. నిపుణులైన శిల్పులు, మేస్త్రీలు మాత్రం ఏడాది పొడవునా అక్కడే ఉండేవారు.

పిరమిడ్ కట్టినవాళ్ళు రాసుకున్నది ఏమైనా దొరికిందా?

దొరికింది. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

2013లో ఎర్రసముద్రం ఒడ్డున వాదీ అల్ జర్ఫ్ అనే చోట, ఫ్రెంచి పురావస్తు శాస్త్రవేత్త పియెర్ తాలే బృందానికి పాపిరస్ (తుంగతో చేసిన కాగితం) ముక్కలు దొరికాయి. రాత ఉన్న పాపిరస్‌లలో ఇప్పటిదాకా దొరికినవాటిలో అతి పాతవి అవే. అందులో ఒకటి మెరెర్ అనే అధికారి రోజువారీ చిట్టా. సుమారు 40 మంది మనుషుల ముఠాకు ఆయన పెద్ద. నైలు తూర్పు ఒడ్డున తురా గనుల నుంచి తెల్లని సున్నపురాయి పడవలకెత్తి గిజాకు చేర్చడం వాళ్ళ పని. ఖుఫు పిరమిడ్‌కు పై తొడుగుగా వాడినది ఆ రాయే.

చిట్టాలో గొప్ప మాటలేవీ లేవు. ఫలానా రోజు తురాలో రాళ్ళు ఎక్కించాం, ఫలానా రోజు పడవ కదిలింది, రాత్రి "ఖుఫు చెరువు" దగ్గర ఉన్నాం, మర్నాడు గిజా చేరాం. పది రోజులకు రెండో మూడో విడతలు. కాలవ రేవుల మీద పెద్దగా ఖుఫు సవతి తమ్ముడు అంఖాఫ్ పేరు అందులో కనిపిస్తుంది. వచ్చిన గింజల లెక్క వేరే కాగితాల్లో ఉంది. రావలసినది ఎంత, వచ్చింది ఎంత, బాకీ ఎంత అని గళ్ళు గీసి నల్ల సిరాతో, ఎర్ర సిరాతో రాశారు.

4,500 ఏళ్ళ కిందట ఒక మనిషి సాయంత్రం పడవలో కూర్చుని, మర్నాడు పైవాడికి చూపించాలి కదా అని ఆ రోజు పని రాసుకున్నాడు. ప్రాచీన ప్రపంచపు ఏడు వింతల్లో మిగిలిన ఒకే ఒక్క వింత గురించి మనకున్న సాక్ష్యం సరుకు రవాణా చిట్టా! అది చదివిన నాటి నుంచి పిరమిడ్ బొమ్మ ఎక్కడ చూసినా నాకు ఖుఫు కంటే ముందు మెరెర్ గుర్తొస్తాడు.

అంత బరువైన రాళ్ళను ఎలా లాగారు? పైకి ఎలా ఎక్కించారు?

ఎక్కువ రాళ్ళు గిజాలోనే, పిరమిడ్ పక్క గనుల్లోనే తీసినవి. సగటు బరువు రెండున్నర టన్నుల లోపే. ఖుఫు గది కప్పుకు వాడిన గ్రానైట్ దూలాలు మాత్రం 25 టన్నులకు పైబడినవి. అవి 800 కిలోమీటర్లకు పైగా దూరంలోని అస్వాన్ నుంచి నైలు మీద వచ్చాయి. నది ఉత్తరానికి పారుతుంది, గాలి దక్షిణానికి వీస్తుంది. బరువుతో దిగువకు ప్రవాహం మోసుకొస్తుంది, ఖాళీ పడవను తెరచాప ఎగువకు తీసుకెళుతుంది. ఇంతకంటే అనువైన దారి ప్రపంచంలో ఇంకెక్కడుంది?

నేల మీద చక్రాల బండ్లు కావు, చెక్క జారుడు బండ్లు. దెయిర్ అల్ బర్షాలో జెహుతిహోతెప్ అనే ప్రాంతీయాధికారి సమాధి గోడ మీద ఒక బొమ్మ ఉంది. జారుడు బండి మీద భారీ విగ్రహం, నాలుగు వరసల్లో మోకులు పట్టిన 172 మంది. విగ్రహం పాదాల దగ్గర నిలబడి ఒకడు బండి ముందు నేల మీద నీళ్ళు పోస్తున్నాడు. ఏదో పూజాకార్యం అనుకున్నారు చాలాకాలం. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రవేత్తలు ప్రయోగం చేసి చూశారు. సరిపడా తడిపిన ఇసుక మీద లాగడానికి కావలసిన బలం పొడి ఇసుకతో పోలిస్తే సగానికి తగ్గింది. పొడి ఇసుక బండి ముందు గుట్టగా పోగవుతుంది, తడి ఇసుక గట్టిగా నిలుస్తుంది. ఆ చెంబుతో నీళ్ళు పోసేవాడు ముఠాలో సగంమంది పని ఒక్కడే చేస్తున్నాడన్నమాట.

పైకి ఎక్కించడానికి వాలుదారులు వాడారు. ఖుఫు పిరమిడ్ చుట్టూ అవి ఏ ఆకారంలో ఉన్నాయన్నదాని మీద పండితుల వాదన నడుస్తూనే ఉంది. వాలుదారులు ఉన్నాయన్నదాని మీద మాత్రం కాదు. 2018లో హత్నుబ్ గనుల్లో ఖుఫు కాలం నాటిది ఒకటి బయటపడింది. 20 శాతం దాటిన నిటారు వాలు, రెండు పక్కలా మెట్లు, మెట్ల పక్కన కొయ్యలు పాతిన గుంతలు. ఆ కొయ్యలకు మోకు చుట్టి, కింద కొందరు, పైన కొందరు లాగితే రాయి వెనక్కి జారకుండా పైకి వస్తుంది.

ఇంకొకటి అందరికీ కనిపించేలా లక్సర్ దగ్గరి కర్నాక్ ఆలయంలో ఉంది. పర్యాటకులు మొదటి మహాద్వారం కింద నుంచి నడిచి, తల తిప్పకుండా ముందుకు వెళ్ళిపోతారు. లోపలికి రాగానే కుడివైపు వెనక్కి తిరిగి చూడండి. ద్వారం గోడకు ఆనుకుని పచ్చి ఇటుకల కట్ట ఒకటి కనిపిస్తుంది, వానలకు కరిగి గుండ్రబడి. అది రాళ్ళను పైకెత్తిన వాలుదారి. క్రీ.పూ. నాలుగో శతాబ్దంలో పని ఆగిపోయింది, కట్టను తొలగించినవాళ్ళు లేరు. మన పరంజా కర్రలు విప్పకుండా వదిలేసిన మేడ లాంటిది. దాని పక్కనే ఒక స్తంభం, గుండ్రంగా చెక్కడం పూర్తికాక మొరటు దిమ్మెలతో అలాగే నిలిచిపోయింది. రాళ్ళను ముందు పేర్చి తరువాత చెక్కుతారని, అదీ పైనుంచి కిందికి కట్టను తవ్వుకుంటూ దిగుతూ చెక్కుతారని ఆ మూల అరగంట నిలబడితే అర్థమవుతుంది.

ఇనుము లేకుండా గ్రానైట్‌ను ఎలా కోశారు?

సున్నపురాయికి రాగి ఉలి సరిపోతుంది. గ్రానైట్‌కు రాగి చాలదు. దానికి రెండు మార్గాలు. రాగి రంపం కింద ఇసుక పోసి లాగితే ఇసుక రేణువులే రాయిని కోస్తాయి. రెండోది, గ్రానైట్ కంటే గట్టి రాయి డోలరైట్ గుండును రెండు చేతులా పట్టుకుని కొట్టడం. కొట్టడం, పొడి ఊడ్చడం, మళ్ళీ కొట్టడం.

అస్వాన్ గనిలో అసంపూర్తి ఒబెలిస్క్ నేలలోనే పడుకుని ఉంది. పొడవు సుమారు 42 మీటర్లు. పూర్తయి ఉంటే వెయ్యి టన్నులు దాటేది, ఈజిప్టు ఒబెలిస్కులన్నింటిలో అదే పెద్దదయ్యేది. మూడు వైపులా కందకం తవ్వాక రాయిలో బీట కనిపించింది. అక్కడితో వదిలేశారు. కందకంలోకి దిగి చూస్తే గోడ నిండా వరసగా నున్నని పల్లాలు, గరిటెతో గడ్డపెరుగు తీసినట్టు. ఒక్కో పల్లం ఒక్కో మనిషి కూర్చుని గుండుతో కొట్టిన చోటు. పక్కవాడి మోచేయి తగలకుండా ఎంత జాగా కావాలో అంత వెడల్పు. బీట కనిపించిన రోజు అక్కడ ఎంత నిశ్శబ్దం అలుముకుందో తలుచుకుంటే ఈనాటికీ గుండె బరువెక్కుతుంది.

ఇది హత్షెప్సుత్ రాణి కాలంలో మొదలైందని సాధారణంగా చెబుతారు. ఆమె కర్నాక్‌లో నిలబెట్టించిన ఒబెలిస్క్ ఒకటి ఇంకా నిలిచే ఉంది. ఎత్తు సుమారు 30 మీటర్లు. గని నుంచి తీయడానికి ఏడు నెలలు పట్టిందని దాని పీఠం మీదే రాయించింది.

పిరమిడ్లు కట్టడం ఎందుకు మానేశారు?

దొంగల వల్ల, ఖర్చు వల్ల, రాజధాని దక్షిణాన థీబ్స్‌కు (నేటి లక్సర్) మారడం వల్ల. మధ్య రాజ్యం అని పిలిచే తరువాతి కాలంలో లోపల పచ్చి ఇటుక పేర్చి పైన రాతి తొడుగు వేశారు. తొడుగు ఊడదీసుకుపోయాక అవి మట్టిదిబ్బలయ్యాయి. ఆ తరువాత వచ్చిన కొత్త రాజ్యపు ఫారోలు (రాజులు) పిరమిడ్‌ను పోలిన కొండ నీడన, లోయలో సమాధులు తొలిపించుకున్నారు. అదే రాజుల లోయ. 1922లో హోవార్డ్ కార్టర్ టుటంఖామన్ సమాధి కనుగొన్నది అక్కడే. పిరమిడ్ల సంప్రదాయం దక్షిణాన నూబియాలో మళ్ళీ మొలకెత్తింది. నేటి సూడాన్‌లో 200కు పైగా పిరమిడ్లు ఉన్నాయి, ఈజిప్టులో ఉన్నవాటి కంటే ఎక్కువ.

ఆ లోయలో సమాధులు తొలిచినవాళ్ళు దెయిర్ అల్ మదీనా అనే ఊళ్ళో కుటుంబాలతో ఉండేవారు. వాళ్ళ ఉత్తరాలు, అప్పుల పత్రాలు, తగాదాలు, సెలవు చీటీలు వేలకొద్దీ పెంకుల మీద దొరికాయి. మూడో రామ్సెస్ 29వ పాలనా సంవత్సరంలో వాళ్ళకు గింజలు రావడం ఆలస్యమైంది. పనిముట్లు కింద పెట్టి, కావలి గోడలు దాటి వెళ్ళి, ఒక ఆలయం వెనుక కూర్చున్నారు. నెలలో 18 రోజులు గడిచాయి, ఆకలేస్తోంది అన్నారు. బట్టలు లేవు, నూనె లేదు, చేపలు లేవు, కూరగాయలు లేవు, ఈ మాట రాజుకు చేర్చండి అన్నారు. చరిత్రలో రాతపూర్వకంగా నమోదైన మొదటి సమ్మె ఇదేనంటారు. ఆ పాపిరస్ ఇటలీలోని ట్యూరిన్ మ్యూజియంలో ఉంది. గింజలు ఇచ్చారు, పనిలోకి వెళ్ళారు, మళ్ళీ ఆలస్యమైంది, మళ్ళీ కూర్చున్నారు.

ఆలయం లోపల ఏ వరుసలో ఉంటుంది?

రెండు పక్కలా ఏటవాలు గోడలతో మహాద్వారం, తరువాత ఆకాశం కనిపించే ప్రాంగణం, తరువాత స్తంభాల మండపం, చివర గర్భగుడి. లోపలికి వెళ్ళేకొద్దీ నేల మెట్టుమెట్టుగా పైకి లేస్తుంది, కప్పు కిందికి దిగుతుంది, వెలుగు తగ్గుతుంది. మన గుళ్ళు చూసినవాళ్ళకు ఈ నడక పరిచయమైనదిగా అనిపిస్తుంది. చారిత్రక సంబంధం ఉందని కాదు, రెండు చోట్లా దేవుడిని చీకటిలో ఉంచారు. ఈజిప్టువాళ్ళ నమ్మకంలో సృష్టి మొదట్లో నీళ్ళలోంచి ఒక దిబ్బ పైకి తేలింది. గర్భగుడి ఆ దిబ్బ, మండపం దాని చుట్టూ మొలిచిన పాపిరస్ తుంగ.

కర్నాక్ మహామండపంలో 134 స్తంభాలు ఉన్నాయి. మొదటి సేతి కట్టించాడు, కొడుకు రెండో రామ్సెస్ అలంకరణ పూర్తి చేయించాడు. నడిమి దారి పక్కన 12 స్తంభాలు సుమారు 21 మీటర్ల ఎత్తు. వాటి తలలు విచ్చుకున్న పాపిరస్ పువ్వులు. పక్క వరసల్లో పొట్టి స్తంభాల తలలు ముడుచుకున్న మొగ్గలు. ఎత్తుల్లో తేడా ఉన్న చోట రాతి జాలీలు పెట్టారు. ఆ వెలుగు నడిమి దారి మీదే పడుతుంది. వెలుగు తగిలిన పూలు విచ్చుకున్నాయి, నీడలోవి మొగ్గలుగా ఉండిపోయాయి. ఇంత సున్నితమైన ఆలోచనను ఇంత పెద్ద రాళ్ళతో చెప్పినవాళ్ళు ఇంకెవరున్నారు?

గిజాలోని స్ఫింక్స్ (సింహం ఒడలు, మనిషి తల ఉన్న విగ్రహం) ముక్కును నెపోలియన్ ఫిరంగితో కొట్టించాడా?

లేదు. నెపోలియన్ ఈజిప్టులో దిగింది 1798లో. 1737లో అక్కడికి వెళ్ళిన డేనిష్ నావికాధికారి ఫ్రెడరిక్ నార్డెన్ గీసిన బొమ్మలోనే ముక్కు లేదు. 14వ శతాబ్దంలో ఒక సూఫీ దాన్ని చెక్కివేశాడని అరబ్ చరిత్రకారుడు అల్ మక్రీజీ రాశాడు. స్ఫింక్స్ పేర్చి కట్టినది కాదు, ఉన్న సున్నపురాతి నేలనే చెక్కినది. 73 మీటర్ల పొడవు, 20 మీటర్ల ఎత్తు.

పిరమిడ్ల తెల్లని పై తొడుగు ఏమైంది?

కైరోలో ఉంది. 1303 భూకంపానికి వదులైన రాళ్ళను మసీదులకు, కోటగోడలకు తరలించారు. ఖఫ్రే పిరమిడ్ శిఖరం దగ్గర టోపీలా కొంత మిగిలింది. 12వ శతాబ్దం చివర సుల్తాన్ అల్ అజీజ్ ఉస్మాన్ మెంకౌరే పిరమిడ్‌ను పూర్తిగా కూలదోయమని మనుషులను పంపాడు. ఎనిమిది నెలలు కష్టపడితే ఉత్తర ముఖం మీద ఒక నిలువు గాటు పడింది, అంతే. పెద్ద రాయి కింద పడితే ఇసుకలో కూరుకుపోయేది, దాన్ని పైకి తీయడం ఇంకో పని.

అబూ సింబెల్‌ను కోసి తరలించారంటారు, నిజమా?

నిజం. అస్వాన్ పెద్ద ఆనకట్టతో నూబియా మునిగిపోతుందని తేలాక 1960లో యునెస్కో ప్రపంచ దేశాలను సాయం అడిగింది. 1964 నుంచి 1968 వరకు రెండో రామ్సెస్ కొండగుడులను వెయ్యికి పైగా దిమ్మెలుగా కోసి, 65 మీటర్లు పైకి, 200 మీటర్లు వెనక్కి జరిపి మళ్ళీ కూర్చారు. ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరి 22న, అక్టోబరు 22న, ఉదయపు ఎండ గర్భగుడి దాకా వెళ్ళి మూడు విగ్రహాల మీద పడుతుంది. నాలుగోవాడు ప్తా, పాతాళంతో ముడిపడిన దేవుడు, చీకటిలోనే ఉంటాడు. కొత్త చోటులో కూడా ఆ దిశ చెడకుండా చూశారు. ఆ పిలుపు అందుకుని భారత పురావస్తు శాఖ బృందం బి.బి. లాల్ ఆధ్వర్యంలో నూబియా వెళ్ళి అఫ్యేలో తవ్వకాలు జరిపింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే కృష్ణ మీద నాగార్జునసాగర్ లేస్తోంది. నాగార్జునకొండ లోయలో 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికి, అనుపుకు తరలించి తిరిగి కట్టారు. అందుకే అబూ సింబెల్ కథ తెలుగువాళ్ళకు పరాయిది కాదు. గుడులను కాపాడిన సంబరం గురించి రాసేవాళ్ళు ఇంకొకటి కూడా రాయాలి. సుమారు లక్షమంది నూబియన్లు ఇళ్ళు, ఖర్జూరపు తోటలు, పెద్దల సమాధులు నీటికి వదిలి వెళ్ళారు. వాళ్ళ ఊళ్ళను కోసి పైకి జరిపినవాళ్ళు లేరు.

పిరమిడ్ లోపల ఇంకా తెలియని గదులు ఉన్నాయా?

ఖాళీలు ఉన్నాయి. ఆకాశం నుంచి నిరంతరం పడే మ్యూయాన్లు అనే కణాలు రాయిలో ఎంత తగ్గుతున్నాయో కొలిచి, 2017లో ఖుఫు పిరమిడ్ మహాగ్యాలరీకి (లోపలి ఎత్తైన వాలు నడవాకు) పైన కనీసం 30 మీటర్ల పొడవైన ఖాళీని గుర్తించారు. 2023లో ఉత్తర ముఖం వెనుక తొమ్మిది మీటర్ల నడవాను సన్నని కెమెరా పంపి చూశారు. నిధి మాట పక్కన పెట్టండి. బరువును పక్కలకు పంచడానికి మేస్త్రీలు ఏ ఉపాయం పన్నారో తెలిస్తే అదే పెద్ద నిధి.

మన దగ్గర ఈజిప్టుకు సంబంధించినది ఏమైనా చూడవచ్చా?

హైదరాబాద్ నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో ఒక మమ్మీ ఉంది, ఏడో నిజాం కాలంలో అక్కడికి చేరింది. పిల్లలను తీసుకెళ్ళండి. అది వింత వస్తువు కాదు, ఒకప్పుడు ఇంట్లో నవ్వుతూ తిరిగిన మనిషి అని ముందే చెప్పి తీసుకెళ్ళండి.

ఈజిప్టు వెళితే ఏ వరుసలో చూడాలి?

కట్టిన వరుసలో. మొదటి రోజు సక్కారా, దహ్షూర్. రెండో రోజు గిజా, దాని పక్కనే 2025 నవంబరులో పూర్తిగా తెరిచిన గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియం. ఖుఫు పడవ ఇప్పుడు అక్కడే ఉంది. 1954లో 1,224 ముక్కలుగా దొరికిన దేవదారు పడవ, తాళ్ళతో కుట్టి కూర్చినది, 43 మీటర్ల పొడవు. తరువాత దక్షిణానికి వెళ్ళి లక్సర్‌లో కనీసం మూడు రోజులు ఉండండి. తూర్పు ఒడ్డున కర్నాక్, పడమటి ఒడ్డున హత్షెప్సుత్ మూడంతస్తుల ఆలయం, రాజుల లోయ చూడాలి. చాలామంది వదిలేసే దెయిర్ అల్ మదీనాకు తప్పక వెళ్ళండి. పనివాళ్ళు తమ కోసం తొలుచుకున్న చిన్న సమాధుల్లో రంగులు రాజుల సమాధుల కంటే ఉల్లాసంగా ఉంటాయి. సెన్నెజెమ్ సమాధిలో ఆయన, భార్య కలిసి పరలోకంలో పొలం దున్నుతున్నారు.

చివరగా అస్వాన్. అసంపూర్తి ఒబెలిస్క్ దగ్గరికి గేటు తెరిచే వేళకే వెళ్ళండి, పొద్దెక్కితే ఆ గ్రానైట్ మీద నిలబడలేరు. నీళ్ళ సీసా, టోపీ, రబ్బరు అడుగు బూట్లు ఉండాలి. ఉదయపు ఏటవాలు ఎండలోనే గుండు దెబ్బల పల్లాలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తాయి.